భీమశంకరరావు గారి ఈనెపుల్ల

ఆ శనివారం కోసం ఆనందకుమార్, పుష్పకుమారి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మధ్యాహ్నం రెండింటికల్లా అతను పని ముగించుకుని ఇంటికొస్తాడు. ఇద్దరూ మల్కాపురంలో బయలుదేరి యారాడ కొండ దాటి వెళ్ళి, సముద్రం చూసి, చీకటి పడేలోగా తిరిగొస్తారు. పెళ్ళయి ముప్పై నాలుగు రోజులు. ఇంట్లో రెండు పళ్ళాలు, రెండు గ్లాసులు, ఒక కిరసనాయిలు స్టవ్, కొత్త కొబ్బరీనెల చీపురు ఒకటి ఉన్నాయి. వాటిలో దేన్ని చూసినా ఇద్దరికీ నవ్వొచ్చేది. స్టవ్ మొదటి అగ్గిపుల్లకే వెలిగిన రోజు పండగలా ఉండేది.

అది 1984. విశాఖకు ఉక్కు నగరమని పేరు అప్పటికే వచ్చేసింది గానీ, ఉక్కు ఇంకా రాలేదు. కర్మాగారం కట్టే చోట గోతులూ స్తంభాలూ కనిపించేవి. ఊరికి కావలసిన ఇనపరేకు గూడ్సుబండిలో బొకారో నుంచి పెద్ద పెద్ద చుట్టలుగా దిగేది. ఆ చుట్టను కాయిల్ అంటారు. ఒక్కొక్కటి గున్న ఏనుగంత ఉంటుంది. బకెట్లు చేసేవాడూ, బస్సుల బాడీలు కట్టేవాడూ అంత కాయిల్ ఇంటికి తీసుకెళ్ళి ఏం చేసుకుంటారు? వాళ్ళకు కావలసింది కొలతకు కోసిన రేకులు. అందుకే ఆటోనగర్‌లో గురునాథరావు గారి సర్వీస్ సెంటర్ వెలిసింది. అక్కడ కాయిల్ విప్పి, వంపు తీసి, ఎవరికి కావలసిన పొడవులో వాళ్ళకు కోసి ఇచ్చేవారు.

పెళ్ళయిన మూడో రోజున భర్త ఇదంతా గంటసేపు వివరిస్తే, పుష్పకుమారి ఒక్క మాటలో తేల్చేసింది.

"అంటే బట్టల కొట్టేనన్నమాట. తాను విప్పడం, కొలవడం, కోసివ్వడం."

ఆనందకుమార్ కాసేపు ఆలోచించి, అవునని ఒప్పుకున్నాడు.

ఆ సెంటర్లో అతను కటింగ్ సూపర్వైజరు. ఆరునెలల ప్రొబేషన్ సరిగ్గా ఆ శనివారంతో ముగుస్తుంది. ఒంటిగంటకు గురునాథరావు గారు వచ్చి, పని చూసి, టైపు చేయించి ఉంచిన పర్మనెంట్ ఆర్డరు మీద సంతకం పెడతారు. పెట్టకపోతే సోమవారం నుంచి రానక్కర్లేదు. చిక్కేమిటంటే, విజయనగరంలో హైస్కూలు మాస్టారైన మామగారు దేవదానంతో "ఉద్యోగం పర్మనెంటేనండీ" అని అతను పెళ్ళికి ముందే చెప్పేశాడు. కొంచెం ముందుగా చెప్పానంతే అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. మాస్టారు మాత్రం వారానికో కార్డు రాస్తున్నారు: ఆర్డరు నకలు ఒకటి పంపవలెను.

"పుష్పా, అలమరలో ఈనెపుల్ల పెట్టాను. తీసివ్వు," అన్నాడు ఆనందకుమార్ చెప్పులు వేసుకుంటూ.

వంటింట్లో అలికిడి ఆగిపోయింది.

"ఈనెపుల్లా?"

"నిన్న సాయంత్రం భీమశంకరరావు గారు ఇచ్చి వెళ్ళారు. వంద ట్రంకు పెట్టెల రేకుకి అదే కొలత."

భీమశంకరరావు పక్కవీధిలో ట్రంకు పెట్టెలు చేసేవాడు. టేపును జన్మలో నమ్మలేదు. ఎండకి సాగుతుందని, వానకి ముడుచుకుంటుందని, పైగా ఏ రెండు టేపులూ ఒక్కమాట మీద నిలబడవని అతని వాదన. ప్రతి ఆర్డరుకూ కొబ్బరీనెను రేకు కత్తెరతో కావలసిన పొడవుకు కత్తిరించి పంపేవాడు. సర్వీస్ సెంటర్లో రేకు కోసే మిషను మీద ఉండే ఎల్లాజీకి కూడా అంకెలకంటే ఈనె మీదే గురి.

"అది కొలతని నాకేం తెలుసండీ," అంది పుష్పకుమారి మెల్లగా బయటికొచ్చి. "చీపురులోంచి ఊడిందనుకున్నాను."

"ఊడిందనుకుని?"

"మళ్ళీ చీపురులో పెట్టేశాను. గట్టిగా."

ఇద్దరూ చీపురును నేలమీద పడుకోబెట్టి చెరోవైపు కూర్చున్నారు. అందులో నూటయాభై ఈనెలున్నాయి. అన్నీ అన్నదమ్ముల్లా ఉన్నాయి.

"కట్టు విప్పుదామా?"

"విప్పితే మళ్ళీ కట్టడం నాకు రాదండీ. మీకొచ్చా?"

"రాదు."

అందుకని పైకి కనిపించేవాటిని ఒక్కొక్కటే లాగి చూశారు. మధ్యలో ఒకరి ముఖం ఒకరు చూసుకుని రెండుసార్లు నవ్వారు. చివరికి ఒకటి తేలింది. నున్నగా ఉంది, నిటారుగా ఉంది, కొన తెగి ఉంది.

"ఇంచుమించు ఇదేనండీ," అంది పుష్పకుమారి.

ఇనుము దగ్గర ఇంచుమించు అన్న మాటకు చోటు లేదని ఆనందకుమార్‌కు తెలుసు. భీమశంకరరావును అడుగుదామంటే, అతను తెల్లారకుండానే పట్నం వెళ్ళిపోయాడు. ముప్పై నాలుగు రోజుల భార్య చెప్పిన మాటను మొదటిసారి కాదనడానికి నోరు రాలేదు. ఈనె పట్టుకుని బస్సెక్కాడు.

పదిన్నరకు పుష్పకుమారి వాకిలి ఊడుస్తుంటే, ఉదయం కదిపిన చీపురు నడుం సడలి, లోపలినుంచి ఒక ఈనె జారిపడింది. రెండు కొసలూ కత్తెరతో కోసినట్టు చదునుగా ఉన్నాయి. భర్త తీసుకెళ్ళింది తన నడుం దాకా వచ్చింది. ఇది నడుం దాటి నాలుగు వేళ్ళు పైకి వచ్చింది. తలుపుకు తాళం వేసి, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో, ఈనె ఇంకో చేత్తో పట్టుకుని బస్సు దగ్గరికి పరుగెత్తింది.

బస్సు కిటకిటలాడుతోంది. ఈనె విరగకుండా ఆమె దాన్ని కొవ్వొత్తిలా నిటారుగా పైకెత్తి పట్టుకుంది.

"ఏటమ్మా, ఒక్క పుల్లే అట్టుకొచ్చినావు?" అన్నాడు కండక్టరు. "మిగతా సీపురు ఎనకాల బస్సులో వత్తందా?"

"ఊరుకోరా," అంది చేపలగంప పక్కన కూర్చున్న ముసలమ్మ. "కొత్త పెళ్ళికూతురిలాగుంది. పెనిమిటికి దిష్టి తియ్యడానికి ఎలతంది కావాల. ఏటమ్మా, జొరమేటి?"

"జ్వరం కాదండీ, ఉద్యోగం," అంది పుష్పకుమారి. ముసలమ్మకు అర్థం కాకపోయినా, జాలిపడి తన పక్కన చోటిచ్చింది.

ఆటోనగర్ చేరేసరికి వంద రేకులూ కోసి, దొంతరగా పేర్చి ఉన్నాయి. ఎల్లాజీ చెమట తుడుచుకుంటున్నాడు. ఆనందకుమార్ భార్యను చూసి నవ్వబోయి, ఆమె చేతిలోది చూసి ఆగిపోయాడు. ఎల్లాజీ రెండు ఈనెలూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఓలమ్మ! నాలుగు వేళ్ళు పొట్టి!"

"ఇప్పుడేం చేద్దాం ఎల్లాజీ?"

"పొడుగు రేకునైతే పొట్టి సేత్తాను బాబూ. పొట్టి రేకుని పొడుగు సెయ్యడం నా వల్ల కాదు, మా తాతొచ్చినా కాదు."

పుష్పకుమారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి చూసి ఎల్లాజీ మెత్తబడ్డాడు.

"ఏడవకమ్మా. అదిగో, ఆ మూల ఇంకో కాయిల్ ఉంది. సిన్నదే గానీ వంద రేకులకి సరిపోతాది."

"అది శ్రీనివాసరావు గారి బస్సు బాడీలకి కదా! సోమవారం కోయాలి," అన్నాడు ఆనందకుమార్.

"సోమారం సంగతి సోమారం సూద్దారి. ముందు ఒంటిగంట సంగతి సూడు."

అంతే. క్రేను కదిలింది, కాయిల్ లేచింది, మిషను మళ్ళీ అరిచింది. పన్నెండున్నరకు అసలు కొలతకు ఇంకో వంద రేకులు తయారయ్యాయి. పొట్టి రేకుల వందనూ వెనక్కి లాగి, పైన టార్పాలిన్ కప్పారు. ఒక మూల మాటిమాటికీ గాలికి లేస్తుంటే పుష్పకుమారి దాని మీద కూర్చుంది. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర గురునాథరావు గారి స్కూటరు ఆగింది.

"ఎవరమ్మా నువ్వు?"

"ఆనందకుమార్ గారి భార్యనండీ. ఆయనకి క్యారియర్ తెచ్చాను."

గురునాథరావు గారు ఆమెకు అటూ ఇటూ చూశారు. "ఏదీ?"

"తొందరలో ఇంట్లో మర్చిపోయి వచ్చేశానండీ."

"అయ్యో పాపం. ఎండలో కూర్చున్నావేం? లోపలికి రా, కుర్చీ ఉంది."

"వద్దండీ. ఇక్కడ చల్లగా ఉంది," అంది పుష్పకుమారి. ఏప్రిల్ నెల మిట్టమధ్యాహ్నం. కింద వంద రేకులు పెనంలా కాలుతున్నాయి.

ఆయన ఆ మాట నమ్మాలో వద్దో తేల్చుకోలేక తల తిప్పారు. ఖాళీగా ఉన్న మూల కనిపించింది.

"శ్రీనివాసరావు కాయిలేదయ్యా?"

"తీసుకెళ్ళిపోయారండీ," అన్నాడు ఆనందకుమార్. తన నోరు ఎందుకలా అందో తనకే తెలియలేదు.

"కోయకుండానా? కాయిల్‌తో ఏం చేసుకుంటాడు?"

"ఆయనే కోసుకుంటారటండీ."

"దేంతో?"

"మిషన్... కొన్నారటండీ."

గురునాథరావు గారి ముఖం వాడిపోయింది. "పదకొండేళ్ళుగా నా దగ్గర రేకు కోయించుకుంటున్నవాడు, మాటైనా చెప్పకుండా మిషన్ కొన్నాడా? నావల్ల ఏం లోపం జరిగిందో ఇప్పుడే వెళ్ళి అడుగుతాను," అని స్కూటరు వైపు నడిచారు. ఎల్లాజీ ఆకాశంలోకి చూస్తున్నాడు.

స్కూటరు స్టార్టయ్యేలోగా ఒక రిక్షా వచ్చి గేటుకు అడ్డంగా ఆగింది. అందులోంచి భీమశంకరరావు కొత్త ఈనె ఒకటి కత్తిలా ఊపుతూ దూకాడు.

"కొయ్యొద్దు! కొయ్యొద్దు! ఎల్లాజీ బావా, మిషన్ ఆపీ!"

"ఏటైనాది బావా?"

"పొద్దున్న నర్సుల హాస్టల్‌కి నమూనా పెట్టె అట్టుకెళ్ళినాను. అక్కడ మేట్రనమ్మ, ఫ్లోరెన్సమ్మగారు, మంచం కిందకి తొయ్యమన్నారు. తోత్తే దూరదే! నాను తోత్తన్నాను, ఆవిడ తోత్తన్నారు, ఇద్దరు నర్సమ్మలూ తోసినారు. మంచం లేచింది గానీ పెట్టె దూరలేదు. పెట్టె ఎత్తు రెండు వేళ్ళు తగ్గాల. ముందూ ఎనకా కలిపి రేకు నాలుగు వేళ్ళు తగ్గాల. కొయ్యీసినారేటి? కొయ్యీస్తే నా పని అయిపోనాదే!"

పుష్పకుమారి మెల్లగా లేచి పక్కకు జరిగింది. ఎల్లాజీ గారడీవాడిలా టార్పాలిన్ లాగేశాడు. భీమశంకరరావు కొత్త ఈనె పెట్టి చూశాడు. మళ్ళీ చూశాడు. అచ్చం సరిపోయింది.

"ఏటిది! నాను సెప్పకముందే కొయ్యీసినారేటి!"

"మా ఆనంద్ బాబు ముందుసూపు అలాటిది," అన్నాడు ఎల్లాజీ, సిగ్గు లేకుండా.

"అదయ్యా సూపర్వైజరంటే!" గురునాథరావు గారు ఆర్డరు కాగితం తీసి స్కూటరు సీటు మీద పరిచారు. పెన్ను మూత తీశారు. పుష్పకుమారి చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

రేకులు చూసిన ఆనందంలో అటూ ఇటూ తిరుగుతున్న భీమశంకరరావు రెండో దొంతర దగ్గర ఆగాడు.

"మరి ఇయ్యేటి బావా? ఇయ్యి నా పాత కొలతే గదేటి!"

పెన్ను గాల్లో ఆగిపోయింది. గురునాథరావు గారు రెండు దొంతరలనూ, ఖాళీ మూలనూ, ఆనందకుమార్ ముఖాన్నీ వరసగా చూశారు.

"నాదే తప్పండీ," అన్నాడు అతను.

"కాదండీ, నాది," అంది పుష్పకుమారి. ఆ తరువాత ఆపకుండా అంతా చెప్పేసింది: అలమర, చీపురు, బస్సు, కాయిల్, క్యారియర్‌లోకి అసలు ఏమీ వండనేలేదన్న సంగతితో సహా. "శ్రీనివాసరావు గారు మిషన్ కొనలేదండీ. పాపం, ఆయనకి ఇదేం తెలీదు."

"కొనలేదా?" అన్నారు గురునాథరావు గారు. కోపం రావలసిన చోట ఆయనకు ముందు ప్రాణం లేచొచ్చింది. "నిజంగా కొనలేదా?"

"కొనలేదండీ. భీమశంకరరావు గారూ, హాస్టల్లో ఎంతమంది ఉన్నారు?"

"రెండొందల మందమ్మా. మిగతా వంద పెట్టెలూ ఎండాకాలం సెలవులెల్లాక ఇమ్మన్నారు."

"అయితే ఈ పొడుగు వందా ఇప్పుడే నాలుగు వేళ్ళు తగ్గించి తీసుకెళ్ళిపోండి. మంచాలు మారవు కదా. కోసిన ముక్కలు గొళ్ళేలకి పనికొస్తాయి. ఎల్లాజీ గారూ, పొడుగుని పొట్టి చేస్తానన్నారుగా?"

"సిటికెలో పనమ్మా!"

భీమశంకరరావు గొళ్ళేల లెక్క వేళ్ళ మీద వేసుకుని, మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. శ్రీనివాసరావుకు శుక్రవారం వ్యాగన్‌లో దిగే కాయిల్ ఇవ్వొచ్చని, నాలుగు రోజులు ఆగమని తానే చెబుతానని గురునాథరావు గారు అన్నారు. అని, ఇంకా పెన్ను పట్టుకునే ఉన్న తన చేతివంక చూసుకున్నారు.

"నీ పేరేమిటమ్మా? ఏం చదివావు?"

"పుష్పకుమారి అండీ. బి.ఎస్సీ., లెక్కలు."

"సోమవారం నుంచి నువ్వు కూడా రా. ఇక్కడికొచ్చే ప్రతి ఈనెనూ టేపుతో కొలిచి పుస్తకంలో రాయాలి. ఇన్నాళ్ళూ ఆ పని ఎవరికీ తోచలేదు." ఆర్డరులో టైపు చేసిన పేరును కొట్టేసి, పైన ఇంకో పేరు రాసి, కింద సంతకం పెట్టారు. "ఏమయ్యా ఆనంద్, నీకు ఇంకో ఆరునెలలు ప్రొబేషన్. ఈసారి నీ పని చూసి నాకు చెప్పేది ఈ అమ్మాయే."

"మరి నాకు ప్రొబేషన్ లేదాండీ?" అంది పుష్పకుమారి కాగితం చదువుకుంటూ.

"నిజం చెప్పేవాళ్ళకి ఎందుకమ్మా?"

యారాడ సముద్రం ఇంకో శనివారానికి వాయిదా పడింది. మర్నాడు చర్చినుంచి రాగానే ఆనందకుమార్ మామగారికి కార్డు రాశాడు. మీరు అడిగిన పర్మనెంట్ ఆర్డరు నిన్ననే చేతికి వచ్చిందని, పుష్ప చాలా సంతోషంగా ఉందని, ఆటోనగర్‌లో ఎండలు మండుతున్నాయని వివరంగా రాశాడు. ఆర్డరు ఎవరి పేరున వచ్చిందో రాయడానికి మాత్రం కార్డులో చోటు చాలలేదు.