బోర్డు వెనక పదకొండుగురు

మధ్యాహ్నం రెండింటికి తోటి పనివాడు ఆగయ్య వస్తాడు, తన బదులు కుర్చీలో కూర్చుంటాడు. తాను సైకిలెక్కి కాలేజీ గ్రౌండుకు పోయి స్తెఫను హాకీ ఆట చూస్తాడు. ఆ పొద్దున గట్టయ్య వేసుకున్న పథకం ఇంతే. ఇంత చిన్న పథకం వేసుకోవడానికి అతనికి రెండేళ్లు పట్టింది.

గట్టయ్య గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి మీద ల్యాంపు రూము మనిషి. బాయిలోకి దిగేవాడు తన నంబరు బిళ్ల ఇచ్చి కిటికీలోంచి దీపం తీసుకోవాలి, పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకోవాలి. కొక్కేనికి ఒక్క బిళ్ల మిగిలినా లోపల ఒక మనిషి ఉన్నట్టు. అందుకే ఆఖరి బిళ్ల పోయేదాకా గట్టయ్య కిటికీ వదలకూడదు. మొదటి షిఫ్టు మూడింటికి ముగుస్తుంది. కాలేజీ హాకీ మ్యాచులు మూడింటికే మొదలవుతాయి.

అయినా కాలేజీ జట్టు సంగతి తెలియాలంటే అందరూ గట్టయ్య కిటికీ దగ్గరికే వచ్చేవారు. ఆ ఏడు మనవాళ్లు హాకీలో ప్రపంచ కప్పు గెలిచినప్పటి నుంచి ఖనిలో హాకీ తప్ప మరో మాట లేదు. చూసివచ్చినవాళ్లు చెప్పిందంతా అతను ఓపికగా వినేవాడు. ముగ్గురు మూడు రకాలుగా చెబితే ముగ్గురినీ మళ్లీ మళ్లీ అడిగి నిజం రాబట్టేవాడు. ఆ తరువాతే, ఎవరు ఎంత బాగా ఆడారో చూసి, ఆటగాళ్ల పేర్ల ముందు ఒకటి నుంచి పదకొండు దాకా నంబర్లు వేసేవాడు. కిటికీ పక్కన మేకుకు ఒక నల్లబోర్డు వేలాడేది. దాని ముందువైపు బాయిలో దెబ్బలు తగిలినవాళ్ల పట్టిక, వెనకవైపు హాకీ జట్టు. రెండువైపులా గడులు ఒకటే: పేరు, దెబ్బ, ఎట్ల తగిలింది, ఎన్నడు వస్తడు. గట్టయ్యకు ఇంకో రకంగా గీతలు గీయడం రాదు. పొద్దున షిఫ్టుకు ముందు బోర్డు వెనక్కి తిప్పేవాడు, షిఫ్టు కూత పడగానే మళ్లీ ముందుకు తిప్పేవాడు.

అతను ఇంతవరకు ఒక్క మ్యాచి కూడా చూడలేదన్న సంగతి ఆగయ్యకు తప్ప ఎవరికీ తెలియదు.

"గట్టన్నా, స్తెఫను మోకాలు ఎట్లున్నది?" బిళ్ల ఇస్తూ అడిగాడు టబ్బులకు బొగ్గు నింపే ఫిల్లరు పోశం.

"వాపు తగ్గింది గని నమ్మేటట్టు లేదు. ఎన్నడు వస్తడు అన్నకాడ 'దేవునికెరుక' అని రాసిన."

"దేవునిదాక ఎందుకే? వాళ్ల నాయన గీన్నే ఉన్నడు గద!"

స్తెఫను తండ్రి తోమాసు ఆ బాయిలోనే పనివాళ్ల మీద సర్దార్. మొహమాటంగా నవ్వాడు. "నాకేమెరుక తమ్మీ? మా పిల్లగాడు ఇంట్ల నోరిప్పడు. నేనే గీ బోర్డు చూసిపోయి వాని తల్లి సుసన్నకు చెప్తున్న."

"ఏమన్న గాని, గాడు బాల్ పట్టిండంటె గుంజే రోపుకు బొగ్గుటబ్బు తగిలిచ్చినట్టే," అన్నాడు పోశం. "గోల్ల పడ్డదాక ఊడదు. నేనైతే ఊపిరి బిగవట్టుకొని చూసిన." అంతలోనే అతనికి అనుమానం వచ్చింది. "మరి గసుంటోనికి మూడో నంబరేందే? కిందటి మ్యాచి నువ్వు కండ్లార చూసినవా?"

గట్టయ్య శుభ్రంగా ఉన్న దీపాన్నే మళ్లీ తుడిచాడు. "చూడకుంట రాస్తనా?"

అప్పుడే కూత పడింది. కిటికీ ముందు జనం తోసుకున్నారు. అబద్ధం ఆడిన కంగారులో గట్టయ్య దీపాలు గబగబా అందించాడు గానీ, బోర్డు తిప్పడం మరిచిపోయాడు.

ఒంటిగంటకు గుమాస్తా సదయ్య ఆ బోర్డు ముందు ఆగాడు. గోలేటి నుంచి బదిలీ మీద వచ్చి వారమే అయింది. చాలా జాగ్రత్త గల మనిషి. పదకొండు పేర్లు వరసగా కనిపించాయి. స్తెఫను, ఎడమ మోకాలు, దేవునికెరుక. బుచ్చన్న, రెండు వేళ్లు, పది రోజులు. రాజం, తల, మూడు కుట్లు. 'ఎట్ల తగిలింది' అన్నచోట 'అవతలోడు కట్టెతోని కొట్టిండు' అని ఉంది. మిగిలిన ఎనిమిది మందికి దెబ్బ గడి ఖాళీగా ఉంది. ఆ ఎనిమిది మంది పరిస్థితి ఇంకా తెలియలేదని సదయ్య అర్థం చేసుకున్నాడు.

వెంటనే దవాఖానకు ఫోను చేశాడు. "లోపల కట్టెలతోని కొట్లాటయింది సార్, పదకొండు మంది! జల్ది రావాలె!" తరువాత బాయి లోపలికి ఫోను చేశాడు. తూర్పు వైపువాళ్లు తమ దగ్గర ఏమీ కాలేదు, పడమర వైపే అయివుంటుందన్నారు. పడమర వైపువాళ్లు తూర్పన్నారు. బాయిలో పెద్ద దెబ్బ తగిలిందంటే చేతిలోని పని చేతిలోనే వదిలి అందరూ పైకి రావడం అక్కడి ఆచారం. మూడు వందల మంది తట్టలు, చెమ్మసు పారలు పడేసి పైకి నడక మొదలుపెట్టారు.

ఆఫీసు ఊడ్చే లస్మవ్వ ఈ ఫోన్లు విన్నది. ఆమె కార్మికుల కార్టర్ల దాకా పోయి చెప్పింది మూడు పేర్లే, కానీ అవి చాలు. ఆ బాయిలో రాజం అని పిలిస్తే ఏడుగురు పలుకుతారు. బుచ్చన్నలు నలుగురు. ఒంటిగంటన్నరకు ఏడుగురు రాజాల భార్యలూ నలుగురు బుచ్చన్నల తల్లులూ ఆఫీసు ముందు ఉన్నారు. 

గట్టయ్య ఏడుపులు విని లోపలి గదిలోంచి బయటికొచ్చాడు.

"ఏమైందక్కా?"

"ఏం జెప్పాలె కాక! స్తెఫనట, రాజమట, బుచ్చన్నట!" అని ఐలవ్వ తల బాదుకుంది. "నా రాజంకు తల పలిగిందట!"

అయ్యో పాపం అనుకున్నాడు గట్టయ్య. సరిగ్గా మన జట్టువాళ్ల పేర్లే ఉన్నవాళ్లకు ఎంత ఆపద! కళ్లు తుడుచుకుంటూ, వాళ్లను పట్టికలో రాయాలి గదా అని సుద్దముక్క తీసుకొని బోర్డు వైపు తిరిగాడు. అక్కడ తన చేతిరాత కనిపించింది.

సుద్దముక్క కింద పడింది.

అప్పటికే మనుషులు నల్లని ముఖాలతో గుంపులుగా పైకి వస్తున్నారు. ఐలవ్వ తన రాజాన్ని చూసింది. తల తడిమింది, చెవుల వెనక చూసింది, ఎక్కడా చిన్న గీత కూడా లేదు.

"నీకేం గాలేదా?"

"నాకేమైతది?"

"మరి గింతసేపు ఏడ్చిన గద నేను! ముందుగాల చెప్పరాదు?"

దవాఖాన బండి వచ్చింది. డాక్టరు దిగాడు. మేనేజరు వచ్చాడు. ఇద్దరూ సదయ్యను చూశారు, సదయ్య బోర్డును చూపించాడు, అందరూ గట్టయ్యను చూశారు.

"ఈ పదకొండు మంది ఎక్కడయ్యా?" అని మేనేజరు అడిగాడు.

ఉద్యోగం పోయిందనుకున్నాడు గట్టయ్య. "కాలేజీ గ్రౌండుల, సార్. ఇయ్యాల పెద్దపల్లితోని మ్యాచి. అది... హాకీ బోర్డు, సార్."

మేనేజరు బోర్డు దగ్గరికి వెళ్లి పై నుంచి కింద దాకా చదివాడు. చాలాసేపు చదివాడు.

"స్తెఫను ఆడడా?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"దేవునికెరుక, సార్."

"దేవుడెందుకు, డాక్టరుగారు ఉన్నారుగా!" మేనేజరు గడియారం చూసుకున్నాడు. రెండుంబావు. మళ్లీ లోపలికి దిగేసరికి షిఫ్టు అయిపోతుంది. డాక్టరుకు కూడా పిలిచినందుకు ఎవరో ఒకరికి కట్టు కట్టాలి. బండి కాలేజీ గ్రౌండు వైపు తిరిగింది. దాని వెనక మేనేజరు జీపు, జీపు వెనక మూడు వందల మంది, వాళ్ల వెనక ఏడుగురు రాజాల భార్యలు.

పోతూ పోతూ అందరూ దీపాలను కిటికీలోంచి గట్టయ్య మీద కుప్పపోసి పోయారు. బిళ్ల కోసం ఒక్కడూ ఆగలేదు. మూడు వందల బిళ్లలు కొక్కేలకు అట్లాగే వేలాడుతున్నాయి. అంటే రూలు ప్రకారం మూడు వందల మంది ఇంకా బాయి లోపలే ఉన్నారు. ఒక్కొక్క దీపం నంబరు చూసి, దాని బిళ్ల వెతికి, రెండూ సరిపోయాయని రాసుకునేదాకా గట్టయ్య కదలడానికి లేదు. ఆగయ్య వస్తాడు గదా అనుకున్నాడు. ఆగయ్య కాస్త ఆలస్యంగా బయలుదేరాడు. దారిలో దవాఖాన బండి ఎదురైతే దాని వెంట పోయాడు.

మూడు దాటింది. బొగ్గు కుప్ప అవతల నుంచి ఒక్కసారిగా కేక లేచింది. గట్టయ్య చేతిలో దీపంతో ఆగిపోయాడు. అంత కేక స్తెఫను బాల్ పట్టుకుంటేనే వస్తుంది. కేక పెరిగింది, తెగింది, సద్దుమణిగింది. బయటికి పోయింది బాల్. నూట పన్నెండో దీపం. నూట పదమూడు. మళ్లీ కేక. ఈసారి తెగలేదు. గట్టయ్యకు తెలియకుండానే గొంతు లేచింది. "కొట్టు బిడ్డా! కొట్టూ!" దీపాల మధ్య ఒక్కడే నిలబడి ఆ సాయంత్రమంతా అరిచాడు. ఆ రోజు మనవాళ్లు వేసిన రెండు గోల్స్ చూడకుండానే అతనికి కళ్ల ముందు కనిపించాయి.

ఆఖరి బిళ్ల సరిపోయేసరికి అయిదున్నర. కిటికీ దగ్గర తోమాసు నిలబడి ఉన్నాడు. పక్కన, మోకాలికి తెల్లని కట్టుతో, చేతిలో హాకీ కట్టెతో ఒక సన్నని పిల్లవాడు. గట్టయ్య ఊహించినంత పొడుగు లేడు. అయినా గట్టయ్య లేచి నిలబడ్డాడు.

"నమస్తే కాక," అన్నాడు స్తెఫను, బోర్డు వైపు భయంభయంగా చూస్తూ. "మా అవ్వ రోజు అడుగుతది, ఇయ్యాల ఎన్నో నంబరుల ఉన్నవని. కిందటి మ్యాచిల నా ఎడమదిక్కు పాసులు సుస్తయినయని చెప్పిండ్రట గద. నిజమే కాక. మా కోచుకు గూడ తెల్వలే. మీరు ఏడ నిలవడి చూస్తరు? ఎన్నడు కనవడరు."

గట్టయ్య నిజం చెప్పాలనుకున్నాడు. నోరు తెరిచాడు, అరిచి అరిచి పోయిన గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. తాను ఉండేది ఇక్కడేనని చేత్తో కిటికీ చూపించాడు.

స్తెఫను వంగి కిటికీలోంచి చూశాడు. బొగ్గు కుప్ప, దాని మీద రోపు, ఆ పైన పొగ తప్ప ఏమీ కనబడలేదు. పిల్లవాడు మెల్లగా తండ్రి వైపు తిరిగాడు.

"గీన్నుంచా, నాయనా?" అన్నాడు, గుడిలో మాట్లాడినంత నెమ్మదిగా.

గట్టయ్య బోర్డు మీద స్తెఫను పేరు ముందు మూడు తుడిచి, ఒకటి వేశాడు.

మరునాడు మేనేజరు హుకుం మీద బోర్డు వెనక 'హాకీ' అని రంగుతో పెద్దగా రాయించారు. ముందువైపు ఆ రోజు ఒక్కటే పేరు ఉంది: గట్టయ్య, గొంతు, నాలుగు రోజులు. 'ఎట్ల తగిలింది' అన్నచోట, ఈసారి బాగా విచారించి, సదయ్య తన చేతితోనే రాశాడు: హాకీ.