నల్లగండ్ల మీద తిరిగిన గాలిమోటరు

"నాలుగొందల మైళ్లు రెండున్నర గంటలల్ల పోతదా! మనిషి బొంబాయిల దిగినంక పానం ఎనుకనుంచి వస్తదా ఏంది?" అంది చంద్రమ్మ, పొయ్యి ఊదడం ఆపి.

అప్పటికింకా ఊళ్లో గొడవేమీ మొదలవలేదు. ఆమె కూతురు భూలక్ష్మి బేగంపేటలో ఒక డాక్టరుగారింట్లో పసిపిల్లను ఆడించే పనిలో ఉంది. ఆ కుటుంబం ఏదో పెళ్లికని ఆ ఉదయమే బొంబాయికి గాలిమోటరులో బయలుదేరుతూ భూలక్ష్మినీ వెంట తీసుకుపోయింది.

"జల్ది పోతే మంచిదే కద, గింత ఫికరెందుకే?" అన్నాడు భర్త బాలనర్సయ్య. కానీ నల్లగండ్ల నుంచి శంకర్‌పల్లికి బండి కడితే రెండున్నర గంటల్లో సగం దూరమైనా పోదు. గాలిమోటరు లెక్క చంద్రమ్మ గొంతు దిగలేదు.

ఎండెక్కే వేళకు ఊరిమీదికి ఒక గాలిమోటరు వచ్చింది. లింగంపల్లి వైపు పోయింది. మళ్లీ వచ్చింది. గోపన్‌పల్లి వైపు పోయింది. మళ్లీ వచ్చింది.

"నా బిడ్డదే! తొవ్వ తప్పింది!"

"గది శానా చిన్నగున్నదే," అన్నాడు బాలనర్సయ్య.

"ఎత్తుల ఉంటే గద్ద గూడ పిట్ట లెక్కనే కనవడ్తది. నువ్వు ఊకో!"

చంద్రమ్మ ఎర్రచీర పట్టుకుని గుట్టెక్కి, పడమటికి ఊపుతూ "అటు! బొంబాయి అటు!" అని అరిచింది. చూస్తుండగానే ఊరంతా గుట్టమీదికి చేరి చేతులు చాచింది. కల్లు మత్తులో ఉన్న పెంటయ్య ఒక్కడే తూర్పు చూపిస్తుంటే, నలుగురు పట్టి అతన్ని పడమటికి తిప్పారు.

"చేతులేం కనవడ్తయి? పొగ పెట్టాలె," అంది పొరుగింటి పోచమ్మ.

పక్కనే వీరేశం చేలో కాస్త గడ్డి అంటించారు. గాలికి నిప్పు అతని గడ్డివాముకు పాకింది. "అయ్యో, నా బర్లకేం పెట్టాలె!" అని వీరేశం మొత్తుకున్నాడు. బొంబాయిని మరిచి అందరూ బిందెలతో పరుగెత్తారు. సగం వాము దక్కింది. అంతలో గాలిమోటరు కిందికి వంగి, కోసిన జొన్నచేలో దుమ్ము లేపుతూ దిగింది.

అందరికన్నా ముందు చంద్రమ్మే చేరింది. లోపల పెద్ద కళ్లద్దాలు పెట్టుకున్న యువకుడు ఒక్కడే ఉన్నాడు.

"బొంబాయి పోయే నా బిడ్డను యాడ జారవిడిసినవురా!" అంటూ చొక్కా పట్టుకుంది.

"వదలండమ్మా! నా పేరు వెంకటనారాయణ, బేగంపేట విమానాశ్రయంలో విమానం నడపడం నేర్చుకుంటున్నానండి. మీరనేది బొంబాయి విమానమా? అది ఎప్పుడో దిగిపోయింది. నేను బయలుదేరే ముందే వైర్‌లెస్‌లో చెప్పారండి, అందరూ క్షేమమని."

చంద్రమ్మ అక్కడే చతికిలపడింది. ఏడ్చింది, మధ్యలో నవ్వింది. లేచి, అతని మొహానికంటిన మసిని కొంగుతో తుడిచింది. బాలనర్సయ్య కాలిన గడ్డికి బదులు తన గడ్డి తోలిస్తానని వీరేశానికి మాటిచ్చాడు.

అప్పుడు చంద్రమ్మకు గుర్తొచ్చింది. "మరి నువ్వేంది బిడ్డా, ఇంతసేపు మా నెత్తిమీదనే తిరిగినవు?"

వెంకటనారాయణ కళ్లద్దాలు తీసి తుడిచాడు. గుట్టల్ని చూశాడు. మళ్లీ కళ్లద్దాలు తుడిచాడు. ఊరంతా అతని నోటికేసే చూసింది.

గొంతు బాగా తగ్గించి, "బేగంపేట ఎటండీ?" అన్నాడు.