సొంత మాటలు రాసిచ్చిన మొగుడు

ఆ వీధిలో అందరూ అతన్ని "కాబోయే డాక్టరు" అనేవాళ్ళు. ఆరేళ్ళుగా అతను అవుతూనే ఉన్నాడు. పక్కింటి పిన్నిగారికి మాత్రం అంత ఓపిక లేదు. ఎప్పుడు ఎదురైనా మోకాలు చూపించి మందు రాసిమ్మనేది.

"నాది ఆ డాక్టరు కాదు పిన్నిగారూ. పొడులు ఎందుకు గడ్డకడతాయో పరిశోధన చేస్తున్నాను."

"నా మోకాలూ గడ్డకట్టే ఉంది నాయనా, చూడు."

అతని భార్యకు మోకాళ్ళు బాగానే ఉన్నాయి గానీ గుండెదడ ఎక్కువ. పదో తరగతి మధ్యలో చదువు ఆగిపోయిన మనిషి, ఎనిమిది నెలల చంటిదాని తల్లి. పిల్ల తుమ్మితే దడ, తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదని దడ. ఇప్పుడు వాటన్నిటి నెత్తిన ఇంకోటి వచ్చి కూర్చుంది.

వచ్చే శనివారం పరిశోధకులంతా మామూలు జనం ముందు నిలబడి, మూడంటే మూడు నిమిషాల్లో తమ పని వివరించాలి. విన్నవాళ్ళలో ఒకరు లేచి, తమకు అర్థమైంది సొంత మాటల్లో తిరిగి చెప్పాలి. ఎవరూ చెప్పలేకపోతే ఈ ఏడాది థీసిస్ ఇవ్వడానికి వీల్లేదు. అంటే ఏడో ఏడు.

"ఏం చెప్తారో ఒకసారి చెప్పండి, వింటాను" అంది.

అతను గొంతు సవరించుకున్నాడు. "సూక్ష్మ చూర్ణాల అంతరకణ సంసంజనంపై సాపేక్ష ఆర్ద్రత ప్రభావం..."

ఒళ్ళో పిల్ల నిద్రపోయింది.

"బాగుందండీ. గంట నుంచి ఊపుతున్నా పడుకోలేదు. మళ్ళీ లేస్తే రెండో వాక్యం చెబుదురుగాని."

అతనికి కోపం రాలేదు, ఉపాయం వచ్చింది. అతనికి ఉపాయం వచ్చిందంటే ఆమెకు దడ రెట్టింపవుతుంది. పోయినసారి వచ్చిన ఉపాయం దెబ్బకు వంటింటి కుళాయి నాలుగు రోజులు ఏకధాటిగా కారింది.

"ముందు ఎవరు చెయ్యెత్తితే వాళ్ళనే లేపుతారట. నువ్వు ముందు వరసలో కూర్చుని టక్కున చెయ్యెత్తు. చెప్పాల్సింది నేను రాసిస్తా."

"సొంత మాటల్లో చెప్పాలన్నారుగా?"

"సొంత మాటలే! నీ సొంత మాటలు నేను రాస్తాను."

"నా మాటలు మీరు రాయడమేమిటండీ? పెళ్ళయినప్పటి నుంచి ఒక్కటైనా విన్నారా?"

అతను అదీ వినకుండా కాగితం తెచ్చాడు. ఆమె పైకి చదివింది. "'నేను ఏమీ తెలియని అమాయకురాలిని. అయినా ఈ మహత్తర పరిశోధన నాకు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు అర్థమైంది...' అమాయకురాలినా?"

"జనం నమ్మడానికి."

"మహత్తరమా?"

"అదీ జనం నమ్మడానికే."

వారం పాటు బట్టీ పట్టింది. పిల్లకు స్నానం చేయిస్తూ ఆర్ద్రత, పిల్ల బట్టలు ఆరేస్తూ సంసంజనం. చంటిది ఎలా ఉందని పిన్నిగారు అడిగితే "సాపేక్షంగా బాగుందండీ" అనేసి నాలిక కరుచుకుంది.

శనివారం హాలు నిండిపోయింది. మొదట కప్పల మీద పరిశోధన చేసేవాడు మాట్లాడాడు. అతను దిగీదిగకముందే వాళ్ళ మామగారు చెయ్యెత్తి లేచాడు.

"నేను ఏమీ తెలియని అమాయకుణ్ణి. అయినా ఈ మహత్తర పరిశోధన నాకు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు..."

ఆమె భర్త వైపు చూసింది. భర్త ఫ్యాను వైపు చూశాడు.

తర్వాత ట్రాఫిక్ మీద పరిశోధన చేసే అమ్మాయి. వాళ్ళ అక్క లేచింది. "నేను ఏమీ తెలియని అమాయకురాలిని..."

"ఆ కాగితం ఎంతమందికిచ్చారు?" పళ్ళు కొరుకుతూ అడిగింది.

"స్నేహితులు బతిమాలితే... ముగ్గురికే."

డిపార్టుమెంటు పెద్దమేడమ్ కళ్ళజోడు దించి మైకు అందుకుంది. "అమాయకులందరికీ ఒకే అరటిపండు దొరికినట్టుంది. ఇక నుంచి ఎవరి పరిశోధన గురించీ వాళ్ళ చుట్టాలు చెప్పకూడదు. తర్వాత ఎవరు?"

తర్వాత ఇతనే.

చెమటలు కక్కుతూ వేదిక ఎక్కాడు. "సూక్ష్మ చూర్ణాల అంతరకణ..." కప్పలాయన మామగారు ఆవలించాడు. ఒక నిమిషం గడిచేసరికి ఆవలింత మూడో వరసకు పాకింది.

ఇంతలో చంటిది ఆకలికి ఏడుపు అందుకుంది. ఆమె గబగబా ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు సీసాలో పోసి, సంచిలోంచి చిన్న డబ్బా తీసి పాలపొడి వేసింది. వేసింది అనడం తప్పు, పడింది. ఒకటే గడ్డ. సీసా ఎంత ఊపినా కరగలేదు, గడ్డ అడ్డుపడి పిల్ల ఎంత పీల్చినా చుక్క రాలేదు.

ఆమెకు హాలు గుర్తులేదు. "ఏవండీ! పొద్దున ఈ డబ్బా కడిగింది మీరేగా? తుడవకుండానే పొడి పోశారా?"

"తుడిచాను!" అంది మైకు.

"తుడిస్తే ఇలా రాయెందుకయింది?"

"బయట తుడిచాను. లోపల... కొంచెం తడి ఉండుంటుంది. కొంచెమే!"

"కొంచెం తడికే ఇంత గడ్డా?"

"కొంచెమైతేనే గడ్డ! పొడిగా ఉంటే రేణువులు దేనికది జారిపోతాయి. మధ్యలో కంటికి కనబడనంత నీటిపొర చేరిందా, రెండింటినీ బంకలా పట్టేస్తుంది. విడిగా ఉన్న పొడిని నేరుగా బోలెడు నీళ్ళలో వేస్తే కరిగిపోతుంది. ఈ చాలీచాలని తడే కొంప ముంచేది!"

"ఎంత తడికి గడ్డకడుతుందో ముందే తెలుసుకోవచ్చుగా?"

"ఆరేళ్ళుగా నేను చేస్తున్నది అదేగా!"

మూడు నిమిషాల గంట మోగింది.

ఇప్పుడు గుర్తొచ్చింది ఆమెకు హాలు. ఏడో ఏడు నా నోటితో నేనే తెచ్చిపెట్టాను అనుకుని, పిల్లను గుండెకు అదుముకుని కూలబడింది. ఒక్క చెయ్యీ లేవలేదు.

అప్పుడు కప్పలాయన మామగారు లేచాడు, ఈసారి కాగితం లేకుండా.

"నాకు అర్థమైందమ్మా. పొడి పొడిగా ఉంటే పేచీ లేదు. నిండా నీళ్ళల్లో పడ్డా పేచీ లేదు. అరకొర తడి చేరితేనే గడ్డ. అది ఎక్కడ మొదలవుతుందో ఈ అబ్బాయి కనిపెడుతున్నాడు. ఊరందరికీ పనికొస్తుంది, వాళ్ళింట్లో తప్ప."

హాలు ఘొల్లుమంది. పెద్దమేడమ్ కళ్ళు తుడుచుకుంటూ "పాస్" అంది.

ఆరేళ్ళుగా బిగబట్టిన ఊపిరి ఆమె ఒక్కసారి వదిలింది. సంచిలోంచి రెండో డబ్బా తీసింది. దడ ఉన్న తల్లులు ఒక్క డబ్బాతో బయల్దేరరు. పిల్ల గుటకలు వేస్తుంటే కడుపు నిండింది మాత్రం తల్లికే.

మేడమ్ దగ్గరకు పిలిచింది. "ఏం చదువుకున్నావమ్మా?"

"పదో తరగతి మధ్యలో ఆపేశానండీ."

"సరిపోతుంది." అతని వైపు తిరిగింది. "థీసిస్‌లో ప్రతి అధ్యాయమూ ముందు ఈమెకు చదివి వినిపించు. అర్థమైందని కింద ఈమె సంతకం ఉంటేనే నా బల్ల మీదకు రావాలి."

"అంతేనా మేడమ్!" అతని మొహం వెలిగింది. ఇంట్లోదేగా సంతకం!

మర్నాడే మొదటి అధ్యాయం తెచ్చి, పెన్ను మూత తీసి మరీ అందించాడు. "ఇక్కడొక్క గీత గీసెయ్యి."

"కూర్చోండి" అంది ఆమె. మొదటి వాక్యం మీద వేలు పెట్టింది. "దీనర్థం ఏమిటి?"

చెప్పాడు.

"మరి అలాగే రాయొచ్చుగా?"

"అలా రాస్తే గౌరవంగా ఉండదే."

"అయితే రేపు రండి."

వారం గడిచాక పెద్దమేడమ్ ఫోను చేసి, పని ఎంతవరకు వచ్చిందని అడిగింది.

"మనిషి తెలివైనవాడేనండీ" అంది ఆమె, పిల్లను జోకొడుతూ. "కాస్త శ్రద్ధ పెట్టాలి."

ఎదురుగా బల్ల దగ్గర శిష్యుడు తల దించుకుని, మొదటి పేజీ నాలుగోసారి మొదలుపెట్టాడు.