కీర్తిశేషురాలు కామమ్మ గారి కంటి ఫోటో

మనిషి చావుబతుకులు తేల్చేది దేవుడూ కాదు, డాక్టరూ కాదు. రిజిస్ట్రేషను కౌంటర్లో కూర్చున్న గిరిబాబు. ఈ సత్యాన్ని లోకానికి చాటడానికే ఈ కథ. ఇందులో ఒక్క ముక్క కల్పించినానని ఎవరైనా రుజువు చేస్తే వాకాడు నడిబజార్లో నిలబడి మీసం తీయించుకుంటాను.

వాకాడు దగ్గర సముద్రం ఒడ్డు పాలెంలో హజరత్తయ్య అని వలలు బాగుచేసుకునే పెద్దాయన ఉన్నాడు. ఆయన భార్య కామమ్మ కీళ్లవాతంతో నెల్లూరులో ఒక ఆసుపత్రి చుట్టూ తిరిగి తిరిగి పోయింది. (ఆసుపత్రి పేరు చెప్పను. నేను మళ్లీ అక్కడికే పోవాల్సినవాణ్ణి.) తర్వాత పుట్టిన మనవరాలికి ఆమె పేరే పెట్టినారు. అయితే కోడలు సాయిలక్ష్మి అత్తగారి పేరు నోటితో అనకూడదు. పేరు అనకుండా పిల్లను తిట్టడం ఎవరివల్లా కాదు. అందుకని తిట్టుకోవడానికి వీలుగా ఇంట్లో 'బిందు' అని ఇంకో పేరు పెట్టుకున్నారు. బళ్లోనూ ఆధార్ కార్డులోనూ మాత్రం కామమ్మే.

రెండో తరగతిలో ఉండగా బిందుకు పొద్దున లేచేసరికి మోకాళ్లు వాచి బిగుసుకుపోవడం మొదలైంది. కొడుకు వేటకు పోయినాడు, కోడలు చేపలు ఎండబెట్టే పనిలో ఉంది. హజరత్తయ్యే పిల్లను బస్సెక్కించి నెల్లూరు తీసుకుపోయినాడు. పిల్లల డాక్టరు చూసి, "ఇది పిల్లలకొచ్చే కీళ్లవాతం. ముందు కళ్ల ఫోటో తీయించండి," అన్నాడు.

"మోకాళ్లు నొప్పంటే కళ్లేంది సార్? ఇది కళ్లతో నడవదు గదా."

"ఇదే జబ్బు కంట్లోకి కూడా పోతుంది పెద్దాయనా. నొప్పి ఉండదు, ఎరుపూ ఉండదు. మనకు తెలిసేసరికి చూపు దెబ్బతింటుంది. కంటి వెనక రక్తనాళాలను ఫోటో తీస్తే ముందుగా పట్టుకోవచ్చు. ఆలస్యం చేయొద్దు."

ఆలస్యం చేయకూడదు కాబట్టి కౌంటరు దగ్గర క్యూలో నిలబడినారు.

గిరిబాబు పేరు, ఊరు, జబ్బు అడిగి, మీటలు కొట్టి, ఏ బాధా లేకుండా చెప్పినాడు. "ఈమె చనిపోయింది."

"ఎవరు సార్?"

"కామమ్మ. కీళ్లవాతం. మీ ఊరే, మీ ఇంటిపేరే, మీ ఫోను నంబరే. ఇంకో కామమ్మ ఉందంటే కంప్యూటరు ఒప్పుకోదు."

"ఆమె నా భార్య. ఇది నా మనవరాలు. ఇదిగో, మీ ముందర నిలబడి ఉండాది!"

"నిలబడితే సరిపోదు పెద్దాయనా. మీ వెనక ఎంతమంది నిలబడి ఉండారో చూడండి," అన్నాడు గిరిబాబు. చనిపోయినవాళ్లకు ఫోటో తీయడం నిబంధనలకు విరుద్ధమనీ, ఏదైనా అభ్యంతరముంటే పై అంతస్తులో కీర్తిశేషుల సమన్వయ విభాగంలో చెప్పుకోవచ్చనీ మర్యాదగా వివరించినాడు.

పైకి పోవడానికి లిఫ్టు ఉంది. లిఫ్టు ఎక్కాలంటే పేషెంటు చీటీ ఉండాలి. చీటీ కావాలంటే బతికుండాలి. అందువల్ల మోకాళ్లు వాచిన పిల్లను తాత భుజాన వేసుకుని మెట్లెక్కినాడు.

సమన్వయాధికారి పెంచలకృష్ణ చాలా సహృదయుడు. "దీనికి దారి లేకపోలేదు. మరణ నమోదు రద్దు చేయమని చనిపోయినావిడ స్వయంగా వచ్చి అర్జీ పెట్టుకుంటే చాలు," అన్నాడు.

"ఆమె ఎట్లా వస్తుంది సార్?"

"రాలేని పరిస్థితిలో ఉంటే, రాలేనని ఆవిడే రాసివ్వాలి."

బిందు తాత చెవిలో అడిగింది. "తాతా, నేను చచ్చిపోయినానా?"

"ఊరుకోమ్మా. ఇంకా తేలలేదు."

(మీసం సంగతి ఇక్కడే చెప్పేస్తాను. నాకు మీసం లేదు, ఏనాడూ పెంచలేదు. లేనిదాన్ని పందెం కాస్తే వచ్చే ధైర్యమే వేరు.)

మళ్లీ కిందికి దిగేసరికి గిరిబాబుకే జాలేసింది. "ఒక పని చేస్తాను. పాత కామమ్మనే బతికిస్తాను. పేరు సరిపోయింది, ఊరు సరిపోయింది, జబ్బు సరిపోయింది. వయసొక్కటే తేడా. సర్దుకోండి," అని ఒక బటన్ నొక్కినాడు. కామమ్మ బతికింది.

హజరత్తయ్య ఆ బటన్ వైపే చూస్తా ఉండిపోయినాడు. "అదేదో అప్పుడే నొక్కుంటే బాగుండేది సార్."

ఫోటో గదిలో పిల్ల గడ్డం యంత్రానికి అందకపోతే స్టూలు మీద మందుల అట్టపెట్టె వేసి కూర్చోబెట్టినారు. చీటీలో వయసు చూసిన టెక్నీషియను, "కదలొద్దు బామ్మా," అన్నాడు. బామ్మ కదల్లేదు. యంత్రం ఆ రక్తనాళాలను అదే వయసు ముసలివాళ్ల రక్తనాళాలతో పోల్చి తీర్పు చెప్పింది: మార్పులు కనిపిస్తున్నాయి, ఈ వయసుకు సహజం, ఏడాది తర్వాత రావాలి.

కంటి డాక్టరు ఆనందబాబు తెర మీద ఇదంతా చదివి, "కామమ్మగారూ, భయపడాల్సిందేం లేదు. పెద్ద వయసులో ఇవి మామూలే," అన్నాడు.

"సార్, దీనికి ఏడేళ్లు," అన్నాడు హజరత్తయ్య.

డాక్టరు తలెత్తి పిల్లను చూసినాడు. చూసి, ఫోటో మళ్లీ తెరిచినాడు. ముఖం మారిపోయింది. "ఇది వయసు కాదు, వాపు. ఇంకా చేయి దాటిపోలేదు," అని ఆ పూటే చుక్కల మందు మొదలుపెట్టించినాడు.

హమ్మయ్య అనుకున్నారు గదా? అందుకే రాసినాను.

ఈ కథలో నేను కల్పించింది ఆ ఒక్కటే. విభాగం ఉంది, మెట్లున్నాయి, బతికించే బటనూ ఉంది. డాక్టరు తలెత్తి చూడ్డం మాత్రం నా కల్పన. ఆయన తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా "నెక్స్ట్" అన్నాడు. ఏడాది తర్వాత రమ్మన్నారు కాబట్టి తాతా మనవరాలూ బస్సెక్కి ఇంటికొచ్చేసినారు.

బిందు ఈమధ్య పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని చదువుతా ఉంది. చదువు మీద శ్రద్ధ పెరిగిందని బళ్లో మెచ్చుకున్నారు.