బుధవారం వ్యానుకు సన్మానం

ఆ బుధవారం ఉదయం చాముండేశ్వరి గారు పెట్టుకున్న పనులు రెండే. పది గంటలకు వ్యాను వచ్చేలోగా, మెమెంటో మీద రాయించాల్సిన వాక్యం వీరభద్రరావు గారికి ఫోన్లో చెప్పాలి. తరవాత వ్యానులో ఇంకో పది సంతకాలు పెట్టించాలి. ముప్పై ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పిన మనిషికి ఒక వాక్యం, పది సంతకాలు ఒక లెక్కా అనుకుని కాఫీ కలుపుకున్నారు.

వ్యాను అంటే, స్కార్‌బరోలో ఆవిడ ఉండే అపార్ట్‌మెంట్ల నుంచి పెద్దవాళ్లను వారానికొకసారి కమ్యూనిటీ సెంటర్లో భోజనానికి తీసుకెళ్లి దింపే ప్రభుత్వ వ్యాను. పోయిన ఏడు భర్త యజ్ఞనారాయణ గారు కాలం చేశాక ఆవిడ గడప దాటేది ఆ వ్యాను కోసమే. కారు నడిపింది ఎప్పుడూ ఆయనే. వ్యానులో ఆవిడ పక్క సీటు ఖాళీగా వదిలేసేవారు. అలా వదలమని ఆవిడ ఎవరినీ అడగలేదు, వద్దనీ అనలేదు. సిటీ బస్సు ఉంది గాని, గత రెండేళ్లలో మన దేశం నుంచి చదువులకు వచ్చిన పిల్లలతో ప్రతి బస్సూ కిక్కిరిసి వచ్చేది. పెద్దవాళ్లను చూడగానే లేచి సీటిచ్చే మంచి పిల్లలే. కాని సీటు దాకా వెళ్లాలంటే ముందు బస్సు ఎక్కాలి.

ఆ వ్యానును మార్చి నెలాఖరుతో ఆపేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. దానితోపాటు బళ్లలో పిల్లలకు పెట్టే ఉదయపు ఫలహారం కూడా కోతల జాబితాలో ఉంది. ఆ ప్రాంతపు శాసనసభ్యురాలు నోరా పెల్హామ్ ప్రతిపక్షం మనిషి. ఆ పదవికి ఇక్కడ వేరే పేరున్నా తెలుగువాళ్లందరికీ ఎమ్మెల్యే గారే. ఆవిడ నెలనెలా ఓటర్లకు ఉత్తరం పంపుతారు. ఫలానా కోతను వ్యతిరేకించాను, ఫలానా కోతనూ గట్టిగా వ్యతిరేకించాను అని అందులో ఉంటుంది. ఏదైనా కోత ఆగినట్టు మాత్రం ఇంతవరకు ఏ ఉత్తరంలోనూ లేదు. వ్యాను ఆపొద్దని వెయ్యి సంతకాలు తెచ్చిస్తే సభలో పెట్టి మంత్రిని నిలదీస్తానని ఆవిడ మాటిచ్చారు. ఈ పదీ కలిస్తే చాముండేశ్వరి గారి దగ్గర ఆరువందల నలభై అవుతాయి.

వచ్చే ఆదివారం కాక పై ఆదివారం నోరా కమ్యూనిటీ సెంటరుకు వచ్చి, సభలో తాను చేసిందేమిటో ఓటర్లకు చెప్పబోతున్నారు. తెలుగు పెద్దల సంఘానికి అధ్యక్షుడైన వీరభద్రరావు గారు ఇంజనీరుగా రిటైరైన మనిషి. అతిథి అన్నవాడు శాలువా, మెమెంటో లేకుండా గుమ్మం దాటకూడదన్నది ఆయన సిద్ధాంతం. మెమెంటో తయారు కావడానికి పది రోజులు పడుతుంది కాబట్టి తొందరపడుతున్నారు.

చాముండేశ్వరి గారు వాక్యం చెప్పారు. "బుధవారం వ్యాను రద్దును వ్యతిరేకిస్తున్నందుకు."

అవతల ఆయన రాసుకోవడం ఆపేశారు.

"వ్యతిరేకించినందుకు మెమెంటో ఏమిటి టీచరు గారూ? ఆ లెక్కన మా ఇంట్లో ఆవిడకి రోజుకొకటి ఇవ్వాలి."

"ఇప్పటికి జరిగింది అంతే కదండీ."

"జరిగిందే రాస్తే అది రిపోర్టు అవుతుంది. మెమెంటో అంటే కాస్త నిండుగా ఉండాలి."

చాముండేశ్వరి గారు అదే వాక్యం రెండోసారి, పిల్లలకు డిక్టేషన్ చెప్పినట్టు విడమరిచి చెప్పారు. ఆయన సరేనన్నారు. ఆయన సరే అంటే విన్నానని అర్థమే గాని, ఒప్పుకున్నానని కాదు. ఆ సంగతి ఆవిడకు పదకొండు రోజుల తరవాత తెలిసింది.

ఆదివారం నోరా చేతిలో ఒక కాగితం, ఇరవై నిమిషాల వ్యవధితో వచ్చారు. హాల్లో నిప్పు వెలిగించకూడదు కాబట్టి బ్యాటరీ దీపంతో జ్యోతి ప్రజ్వలన చేయించారు. బ్యాటరీ వెలగలేదు. ఇంకొకటి వెతికి తెచ్చేసరికి అయిదు నిమిషాలు. ప్రార్థన, శాలువా, ఆ పైన వీరభద్రరావు గారి స్వాగతోపన్యాసం. అప్పుడు మెమెంటో మీది మెరుపు కాగితం విప్పి ఫోటో కోసం ఎత్తి పట్టుకున్నారు. రెండో వరసలో ఉన్న చాముండేశ్వరి గారికి ఆ ఇంగ్లీషు అక్షరాలు స్పష్టంగా కనిపించాయి. బుధవారం వ్యానును కాపాడిన నోరా పెల్హామ్ గారికి కృతజ్ఞతలతో అని ఉంది.

నోరా కూడా చదివారు. ముఖంలో చిన్న తడబాటు కనిపించి, రాజకీయాల్లో ఉన్నవాళ్లకు అలవాటైన చిరునవ్వులో కలిసిపోయింది. హాలంతా చప్పట్లు. ఒక్కరే కొట్టకుండా కూర్చుంటే మర్యాద కాదని చాముండేశ్వరి గారు కూడా కొట్టారు. ఇంకా ఏదీ ఆగలేదనీ, సంతకాలు కావాలనీ చెప్పడానికి నోరా మైకు అందుకున్నారు. మూడో వాక్యంలో ఉండగా పక్క మైకులో భోజనాలు సిద్ధమని ప్రకటించారు. ఎనభై కుర్చీలు ఒక్కసారి జరిగిన చప్పుడులో నాలుగో వాక్యం ఎవరికీ వినపడలేదు.

సాయంత్రానికి, చప్పట్లు కొడుతున్న హాలంతా పడిన ఆ ఫోటో తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగి, కాలేజీ పిల్లల గ్రూపుల్లోకి దిగింది. సోమవారం చాముండేశ్వరి గారు సంతకాల కాగితాలతో బస్టాప్ దగ్గర నిలబడితే, అంతకుముందు సంతకం చేసిన వంశీధర్ అనే విద్యార్థి తన స్నేహితులతో కలిసి అభినందించాడు.

"ఇంకా కాలేదు బాబూ. మెమెంటో తొందరపడింది. వీళ్లతో కూడా సంతకాలు పెట్టించు."

అతను ఫోను తీసి ఫోటో పెద్దది చేసి చూపించాడు. "ఈ చప్పట్లు కొడుతున్నది మీరే కదా ఆంటీ?"

ఆవిడ ఫోటో చూసి అవునన్నారు.

"పని అయిపోయింది కాబట్టి నా సైన్ తీసేయరా ఆంటీ? ఇక్కడే సెటిలవడానికి పీఆర్‌కి అప్లై చేశా. గవర్నమెంట్ మీద కంప్లయింట్‌లో నా పేరెందుకు?"

ఆవిడ అక్కడే స్కేలు పెట్టి నీటుగా కొట్టేశారు. అది చూసి ఇంకో ఇద్దరు అడిగారు. పెరగాల్సిన సంతకాలు ఆ పూటకు మూడు తగ్గాయి. బుధవారం వ్యానులో సంతకాల ప్రస్తావన తెస్తే, సాధించింది చాలదన్నట్టు మాట్లాడతారేమిటని వెనక సీటులోని కనకదుర్గ గారు మందలించారు.

చాముండేశ్వరి గారు వీరభద్రరావు గారికి ఫోన్ చేసి, పొరపాటు జరిగిందని అందరికీ ఒక మాట రాయమన్నారు. అతిథికి ఇచ్చిన మెమెంటోను తప్పనడం అతిథిని అవమానించడమేనన్నారు ఆయన. అంతటితో ఆగలేదు. మర్యాద లోపం ఉండకూడదని, వ్యానును కొనసాగించినందుకు ధన్యవాదాలు చెబుతూ, ఫోటో జతచేసి, సంబంధిత ప్రభుత్వ శాఖకు అప్పటికే ఉత్తరం రాశానని చెప్పారు. స్థానిక వారపత్రికకూ ఒక ప్రతి వెళ్లింది.

చాముండేశ్వరి గారు ఆ రోజు భోజనం సగంలో వదిలేశారు. మార్చి ముప్పై ఒకటికి ఇంకా పదకొండు రోజులున్నాయి.

శాఖలో ఉత్తరం చదివిన గుమస్తా, వ్యాను కొనసాగించమని పైవాళ్లు నిర్ణయించారు కాబోలు అనుకుని పైఅధికారిని అడిగింది. తనకు చెప్పకుండా తన పైవాళ్లు నిర్ణయించారని ఆయన అనుకున్నాడు. అనుకుంటున్న సంగతి బయటపడకుండా ఏప్రిల్ నెల టైంటేబుల్ అచ్చు వేయించేశాడు. ఇంతలో వారపత్రికలో ఫోటో వచ్చింది. వ్యానును ప్రతిపక్షం కాపాడిందట నిజమేనా అని విలేకరి మంత్రిని అడిగాడు. మంత్రి ముందు రెండు దారులున్నాయి. ఫోటోలో నవ్వుతున్న ఎనభైమంది పెద్దవాళ్లకు ఇంకా ఏదీ దక్కలేదని చెప్పడం ఒకటి. దక్కిందని ఒప్పుకుని, అది తన ఘనతేనని చెప్పడం రెండోది. వ్యాను ఆపే ఆలోచనే తమకు లేదనీ, దాన్ని కాపాడింది తమ ప్రభుత్వమేననీ ఆయన సాయంత్రం ప్రకటన ఇచ్చాడు.

మర్నాడు నోరా స్వయంగా చాముండేశ్వరి గారికి ఫోన్ చేశారు. ఆరేళ్లుగా కోతలను వ్యతిరేకిస్తున్నాననీ, ముందే కృతజ్ఞతలు చెప్పించుకోవచ్చని పార్టీలో ఎవరూ నేర్పలేదనీ అన్నారు. మెమెంటో తన దగ్గరే ఉంచుకోవచ్చా, మంత్రి గారికి పంపాలా అని అడిగారు. ఉంచుకోండి అన్నారు చాముండేశ్వరి గారు. ఫలహారం సంగతేమిటని అడిగితే, దాన్ని ఇంకా వ్యతిరేకిస్తూనే ఉన్నానని చెప్పారు నోరా.

ఆకలితో వచ్చిన పిల్లవాడికి మొదటి పీరియడ్ చెవికెక్కదు. చాముండేశ్వరి గారికి అది ముప్పై ఏళ్ల అనుభవం. ఫోన్ పెట్టేశాక, ఆరువందల ముప్పై ఏడు సంతకాలనూ ఒకసారి సర్ది, సొరుగులో పెట్టారు.

బుధవారం ఉదయం వ్యాను రావడానికి పావుగంట ముందు వీరభద్రరావు గారు ఫోన్ చేశారు.

"మంత్రి గారు వస్తానన్నారు టీచరు గారూ. ఆయన్ని వట్టి చేతులతో పంపలేం కదా. మీరొక వాక్యం చెప్తే ఈసారి అక్షరం మార్చను."

చాముండేశ్వరి గారు ఆలోచించారు. తరవాత నిదానంగా, విడమరిచి చెప్పారు. "బళ్లలో పిల్లల ఉదయపు ఫలహారాన్ని కొనసాగించినందుకు."

"అదేమిటి, దాన్ని ఆపేస్తున్నారు కదండీ?"

"మెమెంటోకి పది రోజులు పడుతుంది కదండీ," అని ఆవిడ చెప్పులు వేసుకున్నారు.