రెండు ప్లేట్ల సోప్

ఫిదెన్సియోకి యాభై రెండేళ్లు. అందులో ఇరవై ఏడేళ్లు స్పానిష్ మాట్లాడే ప్వేబ్లా ఊళ్లో ఒకే హోటల్లో పరాయివాళ్ల పెట్టెలు మోయడంతోనే గడిచిపోయాయి. ఇప్పుడు ఎడమ మోకాలు మెట్లు చూస్తేనే మొరాయిస్తోంది. ఆ హోటల్లో కూర్చుని చేసే పని రిసెప్షన్‌లో మాత్రమే ఉంది. దానికి ఇంగ్లీషు పరీక్ష పాసవ్వాలి. పాపం, రెండుసార్లు తప్పాడు. మూడోసారీ తప్పితే మళ్లీ అవకాశం లేదు, మోకాలు ఉన్నన్నాళ్లూ పెట్టెలే.

ఈసారి టీచరమ్మ ఇత్సెల్ పరీక్ష తీరే మార్చేసింది.

"రాసే పనిలేదు. మీ ఇంటి గురించి మీ ఇంట్లోనే మూడు నిమిషాలు మాట్లాడి వీడియో పంపండి. చూసి చదవకూడదు. మధ్యలో స్పానిష్ మాట ఒక్కటి దొర్లినా వీడియో చెల్లదు," అంది.

ఇంట్లోనే అనేసరికి ఫిదెన్సియోకి ప్రాణం లేచొచ్చింది. తన రాజ్యంలో తను కాపీ కొడితే పట్టుకునేదెవరు? ఆ రాజ్యం భార్య ఒబ్దులియాదని ముప్ఫయ్యేళ్లుగా తెలిసినా, సంతోషం పట్టలేనప్పుడు ఆ సంగతి మరిచిపోతుంటాడు.

"ఏమే, ఆ మందుల షాపు క్యాలెండరు ఇలా ఇయ్యి. వెనకవైపు ఇంగ్లీషు రాస్తాను. నువ్వు ఫోను వెనకాల నిలబడి ఒక్కో కాగితం పట్టుకో. నేను ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టి చదివేస్తాను."

"నువ్వు ఆలోచిస్తున్నట్టు మొహం పెడితే కడుపునొప్పి అనుకుంటారయ్యా," అంది ఒబ్దులియా. "ఆర్నెల్లు క్లాసుకెళ్లి ఏం నేర్చుకున్నావు?"

"ఇంగ్లీషు బానే వచ్చు. నోరే రాదు."

"నా దగ్గర మాత్రం ఆ నోరు బాగానే వస్తుందే," అంటూ క్యాలెండరు ఇచ్చింది. "గడిచిన నెలలే చింపుకో. రాబోయేవి ముట్టుకున్నావో, ఊరుకోను."

ఫిదెన్సియో మూడ్రోజులు కూర్చుని రాశాడు, పైకి చదివాడు, మళ్లీ రాశాడు. సూపు అన్న మాట దగ్గర కలం ఆగింది. స్పానిష్‌లో దాన్ని సోపా అంటారు. ఇంగ్లీషువాళ్లకి మాటల తోకలు మింగేసే అలవాటుందని ఆయన గట్టి నమ్మకం. అందుకని సోపాకి తోక కోసి 'సోప్' అని రాసుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద రాతి రోలుకి ఫోను ఆనించారు. ఒబ్దులియా దాని వెనక కాగితాలు పట్టుకుని నిలబడింది.

"మై వైఫ్ ఎవ్రీ డే మేక్ సోప్," అన్నాడు ఫిదెన్సియో గంభీరంగా. "ఐ ఈట్ టూ ప్లేట్ సోప్. మై మదర్ ఆల్సో మేక్ సోప్, బట్ మై వైఫ్ సోప్ మోర్ టేస్టీ."

ఒబ్దులియా ఏ ఇంగ్లీషు క్లాసుకీ వెళ్లలేదు. కానీ వాళ్ల స్నానాల గదిలో, హోటలుకొచ్చినవాళ్లు విప్పకుండా వదిలేసిన బుల్లి సబ్బులు డబ్బా నిండా ఉన్నాయి. ప్రతిదాని మీదా బంగారు రంగులో ఆ ఒక్క మాటే. ఇరవై ఏడేళ్లుగా రోజూ మొహం కడుక్కుంటూ చూస్తున్న మాట. కాగితాలు కుర్చీలో పడేసి లోపలికెళ్లింది. రెండు సబ్బులు ప్లేట్లో పెట్టి, పక్కన ఒక స్పూను కూడా పెట్టి, తెచ్చి మొగుడి ముందుంచింది.

ఫిదెన్సియోకి తిట్టు గొంతుదాకా వచ్చింది, స్పానిష్‌లో. ఫోను నడుస్తోంది. ఒక్క మాట దొర్లినా అంతా పోయినట్టే. తిట్టు మింగేశాడు.

"వాట్ ఈజ్ దిస్?"

"సోప్," అంది ఒబ్దులియా. ఆమె నోట వచ్చిన మొదటి ఇంగ్లీషు మాట అది. మూడ్రోజులుగా ఆయన వల్లెవేస్తుంటే విన్నది ఇంకోటుంది. "ఈట్."

"నో ఈట్. దిస్ ఫర్ హ్యాండ్. వేర్ మై పేపర్? వై యు లాఫ్?" ఫిదెన్సియోకి ఒళ్లు మండిపోయింది. "ట్వెంటీ సెవెన్ ఇయర్స్ ఐ క్యారీ బ్యాగ్. మై లెగ్ పెయిన్. ఐ వాంట్ సిట్. దిస్ ఈజ్ లాస్ట్ టైమ్. అండ్ యు గివ్ మీ సోప్."

మాటలు అర్థం కాకపోయినా, ఆయన చెయ్యి మోకాలి మీదికి పోవడం ఒబ్దులియా చూసింది. నవ్వు ఆగిపోయింది. మొగుణ్ణి చూస్తే జాలేసింది. చెయ్యి చాచి ఫోను ఆపింది.

"ఇప్పుడన్నవన్నీ ఏ కాగితం మీద ఉన్నాయి?" అనడిగింది.

"ఏ కాగితమేంటి? నువ్వు కుర్చీలో పడేశావుగా."

"అదే అడుగుతున్నా."

"అడిగింది చాల్లే. అదంతా తప్పుల తడక, చెరిపెయ్."

క్లాసు పుస్తకం చూసి సోప్‌ని సూప్‌గా దిద్దుకుని మళ్లీ తీశారు. ఈసారి నల్లేరు మీద బండిలా సాగింది. కళ్లు మాత్రం గడియారం లోలకంలా అటూ ఇటూ ఊగాయి.

"వీడియో అంటే ఇదీ. నువ్వే పంపెయ్," అని ఫిదెన్సియో నిశ్చింతగా నిద్రపోయాడు.

వారం తర్వాత క్లాసులో పాసైనట్టు కాగితం చేతికొచ్చింది. ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"చూశారా టీచరమ్మా, ఎక్కడా ఒక్క తడబాటు లేదు."

"అన్నీ తడబాట్లేనండీ. అందుకే పాస్ చేశాను," అంది ఇత్సెల్. "మీ ఆవిడ రెండు వీడియోలు పంపారు. కింద ఓ ముక్క కూడా రాశారు, మొదటిదాంట్లో మాట్లాడేది మా ఆయన, రెండోదాంట్లో మాట్లాడేది మందుల షాపు క్యాలెండరు అని. ఆ రెండోదొక్కటే వచ్చుంటే మూడోసారీ తప్పేవారు."

ఫిదెన్సియో తలొంచుకుని ఇంటికొచ్చాడు. బల్ల మీద సూపు పొగలు కక్కుతోంది. స్పూను మాత్రం ఒబ్దులియా చేతిలో ఉంది.

"ముందు దీని పేరు చెప్పు. ఇంగ్లీషులో."

"సూప్."

"వినపడలేదు."

"సూప్, మేడమ్."

"ఎన్ని ప్లేట్లు?"

"టూ," అన్నాడు ఫిదెన్సియో, ఈసారి ఏ కాగితమూ చూడకుండా.