యంత్రానికి అక్షరాభ్యాసం

భద్రాచలం అడవులలో పలకాబలపాల యుగం నేటితో సమాప్తమైనదని 1987 వేసవిలో విద్యామంత్రిగారు ఖమ్మం సభలో ప్రకటించారు. సభ లేచి నిలబడింది. రేగులతండా ప్రాథమిక పాఠశాల ఇకపై ‘ఆదర్శ కంప్యూటర్ పాఠశాల’ అన్నారు. ఆ తండానే ఎందుకు ఎంచుకున్నారని ఒక విలేఖరి అడిగాడు.

“అక్కడ ఏమీ లేదు గనుక” అని సెలవిచ్చారు మంత్రిగారు.

ఇంత సత్యాన్ని ఇంత క్లుప్తంగా పలకగల నాయకుణ్ణి నేనంతకు ముందు ఎరుగను.

యంత్రం కొత్తగూడెం దాకా రైలులోనూ, అక్కడినుంచి లారీలోనూ, చివరి మూడు కోసులు ఎడ్లబండిమీదా వేంచేసింది. బడిలో వాన కురవని గది ఒక్కటే ఉంది. దానిని యంత్రానికి కేటాయించి, పిల్లలను చూరు కిందికి మార్చారు. ప్రత్యేకాధికారి బసవపున్నయ్యగారు కార్యదీక్షాపరులు. కంప్యూటర్ బడిలో పలక కనిపిస్తే ఫొటో చెడిపోతుందని దూరాలోచన చేసి, పిల్లల పలకలన్నీ గోనెసంచులలో కట్టించి జీపెక్కించారు. సుద్దముక్కలనూ విడిచిపెట్టలేదు. ‘ఈ పాఠశాలయందు సుద్ద లేదు’ అని స్వహస్తాలతో సర్టిఫికెట్ రాసి మంత్రిగారికి పంపారు.

ఆ బడికి ఉన్న ఒకే ఒక్క ఉపాధ్యాయుడు ఇన్నయ్య జీపుకు అడ్డం వచ్చాడు.

“సార్, పోరగాండ్లు ఇప్పుడిప్పుడే గుణింతాలల్లకొచ్చిండ్రు. పలకలు గుంజుకపోతే దేనిమీద రాయాలె?”

“కంప్యూటర్ మీద.”

“కరెంటు లేదు గద సార్.”

“కరెంటు మా శాఖ కాదు మాస్టారూ.”

“పోనీ, కరెంటొచ్చేదాంక పలకలుంచుండ్రి.”

“దేశాన్ని వెనక్కి నడవమంటారా?”

దేశాన్ని వెనక్కి నడిపించే ఉద్దేశం ఇన్నయ్యకు లేదు. పిల్లలను వాగు ఒడ్డుకు నడిపించి ఇసుకలో రాయించాడు. వానలు పడగానే వాగు పొంగి ఇసుకనూ, గుణింతాలనూ కలిపి గోదావరికి చేర్చింది. శ్రావణమాసం వచ్చేసరికి రెండో తరగతి పిల్లలు తమ పేర్లు రాయడం కూడా మరిచిపోయారు. నాలుగో తరగతి బాలి ఒక్కతే గోడమీద బొగ్గుతో రాస్తూ చేతిరాత నిలుపుకొంది. గోడ ప్రభుత్వ ఆస్తి గనుక ఆమెకు మందలింపు అందింది.

ప్రారంభోత్సవానికి మంగళశ్లోకాలు చదవడానికి నేలకొండపల్లి నుంచి పురోహితుణ్ణైన నన్ను పిలిపించారు. పెళ్లిళ్లకు కిరాయికిచ్చే జనరేటరు వచ్చింది. దానిలోని డీజిలు మాత్రం దారిలో మంత్రిగారి జీపులోకి బదిలీ అయింది. బసవపున్నయ్యగారు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. శుభకార్యంలో అశుభం పలకరాదని పెద్దల మర్యాద.

మంత్రిగారు యంత్రం ఎదుట ఆసీనులై, “ఏదీ, నా పేరు తెలుగుల రాయమనుండ్రి” అన్నారు.

“దీనికి తెలుగు రాదు సార్” అన్నారు బసవపున్నయ్యగారు, ఊపిరి పీల్చుకొని.

“రాకపోతే నేర్పియ్యాలె. పంతులుగారు ఎందుకున్నరు? అక్షరాభ్యాసం చేయించుండ్రి!”

యంత్రానికి అక్షరాభ్యాసం కూడదన్న శాస్త్రవాక్యం నాకు స్ఫురించలేదు. పళ్లెంలో బియ్యం పోయించాను. బిడ్డకైతే వేలు పట్టి దిద్దిస్తాం. యంత్రానికి వేలు లేదు. కరెంటు లేదు గనుక దాని తీగ మాత్రం ఖాళీగా ఉంది. ఆ తీగ చివరి ప్లగ్గుకు పసుపు రాసి, పట్టుకొని, ‘ఓం నమశ్శివాయ’ దిద్దించాను. ప్లగ్గుకు మూడు పిన్నులుండడం చేత ప్రతి అక్షరమూ మూడుసార్లు పడింది.

“చూసిండ్రా స్పీడు!” అన్నారు మంత్రిగారు. “మనం ఒకటి రాసేలోపల మూడు రాస్తది! ఇగ నా పేరు రాయమనుండ్రి.”

యంత్రం ముఖాన ఉన్న అద్దం నల్లగా ఉంది. బసవపున్నయ్యగారు చెమట తుడుచుకుంటూ ఇన్నయ్య వైపు చూశారు. ఇన్నయ్య బాలిని ముందుకు తెచ్చి, చేతిరుమాలులోంచి ఏదో తీసి ఆమె చేతిలో పెట్టాడు. బాలి ఆ నల్లని అద్దాన్ని క్షణంసేపు చూసింది. పావడా అంచుతో శుభ్రంగా తుడిచింది. తెల్లని, గుండ్రని అక్షరాలు ఒక్కొక్కటే పడసాగాయి. అవి పూర్తికాకముందే సభ చప్పట్లు కొట్టింది.

మంత్రిగారు కళ్లజోడు సవరించుకొని గంభీరంగా చదివారు.

“మా... పలకలు... మాకియ్యండి.”

చప్పట్లు ఆగిపోయాయి.

“ఎవ్వరిదీ రాత?”

బసవపున్నయ్యగారు తమ సర్టిఫికెట్‌ను తలచుకున్నారు కాబోలు, వెంటనే తేరుకున్నారు.

“పిల్లది కాదు సార్. ఈ బడిలో సుద్దే లేదు. ముమ్మాటికీ యంత్రమే రాసింది.”

“నేనే రాసిన!” అంది బాలి.

“ఊకో బిడ్డా” అన్నాడు ఇన్నయ్య. “నీకేమన్న కంప్యూటరొచ్చునా?”

మంత్రిగారి ముఖం ఎర్రబడింది. “అక్షరం నేర్పిన పూటనే గవర్నమెంటుకు ఎదురు తిరుగుతదా? సస్పెండ్ చెయ్యి!”

ఆజ్ఞ అక్షరాలా అమలైంది. అభియోగపత్రాన్ని యంత్రం నెత్తిన అంటించి, సంజాయిషీకి పదిహేను రోజులు గడువిచ్చారు. యంత్రం మౌనం వహించింది. దానిని ధిక్కారంగా పరిగణించారు. ఎదురు తిరిగిన ఉద్యోగిని అడవికి బదిలీ చేయడం ఆనవాయితీ. అయితే యంత్రం అప్పటికే అడవిలో ఉంది. పై అధికారులు బాగా ఆలోచించి, దానిని హైదరాబాదు సచివాలయానికి పంపించారు.

ఇక ఖాళీ సంగతి మిగిలింది. యంత్రం లేదంటే ఆదర్శ పాఠశాల లేనట్టే. అందుచేత, మరొక యంత్రం వచ్చేవరకు దాని స్థానంలో పూర్వపు పలకలను తాత్కాలిక ప్రాతిపదికన నియమిస్తూ ఉత్తర్వు వెలువడింది. గోనెసంచులు జీపులో తిరిగి వచ్చాయి. పలకలు కంప్యూటర్ గదిలోనే ఉండాలన్న నిబంధన చేత పిల్లలూ లోపలికి చేరారు. వాన బయట కురిసింది.

వారం తిరగకముందే ఎగువ తండా పెద్ద బిచ్యా తలమీద గోనె కప్పుకొని, బురదలో నడిచి ఇన్నయ్య దగ్గరికి వచ్చాడు.

“రాం రాం సారూ. మా బడికి గూడ జల్ది ఒక కంప్యూటర్ ఇప్పియ్యాలె.”

“దాన్నేం జేసుకుంటవ్ బిచ్యా?”

“మా పోరగాండ్లకు పలకల్లేవు సారూ.”